వీపున మోసే ఇల్లు: కేడెట్ శిబిర సన్నాహంలోని విజ్ఞానం

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలలో పిల్లలు పన్నెండు, పదమూడేళ్ళ వయస్సుకు వచ్చేసరికి తల్లిదండ్రుల సంతకం కోసం రకరకాల కాగితాలు ఇంటికి తేవడం మొదలుపెడతారు. వాటిలో వారాంతపు శిబిరానికి అనుమతి పత్రం ఒకటి. శుక్రవారం సాయంత్రం బయలుదేరాలి, రెండు రాత్రులు కొండమీద గుడారంలో పడుకోవాలి, తన సామాను తానే మోసుకోవాలి, ఆదివారం మధ్యాహ్నానికి తిరిగి రావాలి. ఆ పత్రంతో పాటు తెచ్చుకోవలసిన వస్తువుల పట్టిక కూడా వస్తుంది. అందులో కొన్ని సంగతులు మనకు వింతగా తోస్తాయి. జీన్సు ప్యాంట్లు వద్దంటారు. నూలు చొక్కాలు వద్దంటారు. మెత్తని దుప్పటి ఉండగా అర అంగుళం మందమున్న ఫోము చాప తప్పనిసరి అంటారు. ఆకాశం నిర్మలంగా ఉన్నా వర్షపు కోటు ఉండి తీరాలంటారు.

ఈ నియమాలు సైనికుల చాదస్తం కాదు. ఒక్కొక్క దాని వెనుక ఉన్నత పాఠశాలలో మనం చదువుకున్న భౌతికశాస్త్రమే ఉన్నది. ఆ శాస్త్రాన్ని లెక్కలతో సహా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కారణం తెలియని తల్లిదండ్రులు భయంతో సంతకం పెట్టడం మానేస్తారు; లేదా ప్రేమతో మూటలో పది వస్తువులు అదనంగా దూరుస్తారు. మొదటిది పిల్లవాడికి ఒక మంచి అనుభవాన్ని దూరం చేస్తుంది. రెండవది అతని నడుము వంచుతుంది.

కేడెట్ సంస్థలు

ఉదాహరణగా సివిల్ ఎయిర్ పెట్రోల్‌ను తీసుకుందాం. ఈ సంస్థ 1941 డిసెంబరు 1వ తేదీన, పెర్ల్ హార్బర్ మీద దాడికి ఆరు రోజుల ముందు ఏర్పడింది. 1942లో కేడెట్ల విభాగం మొదలయింది. 1948లో ఇది అమెరికా వైమానిక దళానికి అధికారిక సహాయక సంస్థ అయింది. పన్నెండేళ్ళు నిండిన బాలబాలికలు ఇందులో కేడెట్లుగా చేరవచ్చు. విమానయానం, నాయకత్వం, శారీరక దారుఢ్యంతో పాటు తప్పిపోయినవారిని వెదికే గాలింపు దళాలలో పని చేయడం కూడా నేర్పుతారు. అందుకే ఇరవైనాలుగు గంటలు బయట గడపడానికి సరిపడా సరంజామాను ఒక సంచిలో సర్దుకోవడం ఈ శిక్షణలో మొదటి మెట్లలో ఒకటి.

మన పాఠకులలో కొందరు కళాశాల రోజులలో నేషనల్ కేడెట్ కోర్‌లో పని చేసినవారే. అదీ 1948లోనే ఆవిర్భవించింది. ఖాకీ దుస్తులు, ఆదివారం కవాతు, పదిరోజుల వార్షిక శిబిరం వారికి గుర్తుండే ఉంటాయి. ఆ అనుభవం ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. కానీ ఆంధ్రదేశపు మైదానంలో వేసిన శిబిరానికీ, అక్టోబరు నెలలో వర్జీనియా కొండలమీద వేసే శిబిరానికీ శాస్త్రరీత్యా చాలా తేడా ఉన్నది. అక్కడ శరీరం వేడిని వదిలించుకోవడానికి తంటాలు పడుతుంది. ఇక్కడ ఉన్న వేడిని కాపాడుకోవడానికి పాట్లు పడుతుంది. మూటలోని ప్రతి మార్పుకూ ఇదే మూలం.

కొండ ఎక్కితే చలి ఎంత పెరుగుతుంది?

వాషింగ్టన్ నగర పరిసరాలలో ఉండే మన కుటుంబాలకు షెనెండోవా జాతీయ వనం సుపరిచితమే. శరదృతువులో రంగులు మారిన ఆకులను చూడడానికి స్కైలైన్ డ్రైవ్ మీద కారులో వెళ్ళి వస్తాము. ఆ వనంలో బిగ్ మెడోస్ అనే శిబిర స్థలం సుమారు 3,500 అడుగుల ఎత్తున ఉన్నది. కొండ కింద ఉన్న లూరే పట్టణం ఎత్తు సుమారు 800 అడుగులు. అంటే తేడా 2,700 అడుగులు.

వాతావరణంలో పైకి పోయినకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు సగటున మూడున్నర ఫారన్‌హైట్ డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. కనుక లూరేలో 50 డిగ్రీలు ఉన్నప్పుడు కొండమీద సుమారు 40 డిగ్రీలు ఉంటుందనుకోవచ్చు. దీనికి గాలి తోడైతే? అమెరికా వాతావరణ శాఖ 2001లో సవరించిన గాలిచలి సూత్రం ప్రకారం 40 డిగ్రీల ఉష్ణోగ్రతలో గంటకు 20 మైళ్ళ వేగంతో గాలి వీస్తే, బయట ఉన్న చర్మం 30 డిగ్రీల చలిలో ఉన్నట్టుగా వేడిని పోగొట్టుకుంటుంది. ఇంటి వంటగదిలో కూర్చుని దూరదర్శిని చెప్పిన ఉష్ణోగ్రతను చూసి మూట కట్టేవారు ఈ ఇరవై డిగ్రీల వ్యత్యాసాన్ని గుర్తించరు.

వేడి పోయే నాలుగు దారులు

శరీరంలోని వేడి నాలుగు మార్గాలలో బయటికి పోతుంది. చల్లని వస్తువును తాకినప్పుడు ఉష్ణవహనం ద్వారా, గాలి కదలికతో సంవహనం ద్వారా, ఏ మాధ్యమంతోనూ పని లేకుండా వికిరణం ద్వారా, చెమటగానీ తడిగానీ ఆవిరి అవుతున్నప్పుడు బాష్పీభవనం ద్వారా. వీటిలో శిబిరానికి వెళ్ళే పిల్లవాడిని ఎక్కువగా దెబ్బతీసేవి మొదటిదీ, చివరిదీ. రెండింటికీ మూలం తడి.

మన శరీర అంతర్భాగపు ఉష్ణోగ్రత సాధారణంగా 98.6 డిగ్రీల దాపున ఉంటుంది. అది 95 డిగ్రీల కన్న తగ్గితే ఆ స్థితిని హైపోథెర్మియా అంటారు. తెలుగులో అల్పోష్ణస్థితి అనవచ్చు. ఇది మంచు పడితేనే వస్తుందనుకోవడం పొరపాటు. 40 డిగ్రీల చలిలో బట్టలు తడిసి, గాలి వీస్తూ, మనిషి అలసి ఉంటే చాలు. మొదట వణుకు పుడుతుంది. తరువాత వేళ్ళు మొద్దుబారి, గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. అడుగులు తడబడతాయి, మాట ముద్దగా వస్తుంది, చిరాకు పెరుగుతుంది. ఇంకా ముదిరితే వణుకు ఆగిపోతుంది. అది కోలుకుంటున్న గుర్తు కాదు. ప్రమాదం తీవ్రమయిందనడానికి గుర్తు.

ఇందులో పెద్ద చిక్కేమిటంటే, ఈ స్థితిలో ఉన్నవాడికి తన స్థితి తనకు తెలియదు. చలి ముందుగా వివేకాన్ని మందగింపజేస్తుంది. అందుకే కేడెట్లను ఎప్పుడూ జంటలుగా ఉండమంటారు. తోటివాడి మాట తడబడితే వెంటనే అధికారికి చెప్పడం, తడి బట్టలు విప్పించి పొడి బట్టలు తొడిగి కప్పడం, తెలివిగా మింగగలిగిన స్థితిలో ఉంటే వెచ్చని తీపి పానీయం ఇవ్వడం, వైద్య సహాయానికి కబురు చేయడం ప్రతి పిల్లవాడూ నేర్చుకోవలసిన విషయాలు.

నూలు: గుణమే దోషమైన వైనం

మంగళగిరి, పొందూరు నేతల వారసులమైన మనకు నూలు బట్టను కాదనడం మనస్కరించదు. కాని నూలు మనకు ఎందుకు హాయిగా ఉంటుందో ఆలోచిస్తే, ఇక్కడ ఎందుకు పనికిరాదో అదే తెలుస్తుంది. నూలు పోగు చెమటను పీల్చుకుని, నిదానంగా ఆవిరిగా విడుస్తుంది. నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని శరీరం నుంచే తీసుకుంటుంది. గోదావరి జిల్లాలో మే నెల ఎండలో ఇది వరం. బ్లూ రిడ్జ్ కొండలమీద అక్టోబరు సాయంత్రం ఇదే శాపం.

లెక్క వేసి చూద్దాం. చర్మపు ఉష్ణోగ్రత వద్ద ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 చిన్న కేలరీల వేడి కావాలి. దీనిని బాష్పీభవన గుప్తోష్ణం అంటారు. తడిసిన మందపాటి నూలు చొక్కాలో పావు కిలో నీరు ఉన్నదనుకుందాం. అదంతా ఆరడానికి 250ని 580తో గుణిస్తే 1,45,000 చిన్న కేలరీలు, అంటే ఆహార పొట్లాలమీద వాడే పెద్ద కేలరీలలో 145 కావాలి. విశ్రాంతిగా కూర్చున్న పదమూడేళ్ళ పిల్లవాడి శరీరం గంటకు సుమారు 70 పెద్ద కేలరీల వేడిని పుట్టిస్తుంది. అంటే ఒక్క చొక్కా ఆరడానికే రెండు గంటల ఉత్పత్తి ఖర్చు. ఆ వేడిలో కొంత భాగం చుట్టూ ఉన్న గాలి నుంచి వచ్చినా, మిగిలినది శరీరమే భరించాలి. తడిసిన జీన్సు ప్యాంటు ఇంకా ఎక్కువ నీటిని పట్టుకుంటుంది.

రెండవ నష్టం వహనం వల్ల. బట్ట వెచ్చగా ఉండడానికి కారణం పోగుల మధ్య చిక్కుకున్న గాలి. నిశ్చలమైన గాలి చాలా మంచి ఉష్ణబంధకం. తడిసిన నూలు అణగిపోయి ఆ ఖాళీలు నీటితో నిండుతాయి. నీరు గాలి కన్న సుమారు 24 రెట్లు ఎక్కువగా వేడిని ప్రవహింపజేస్తుంది. చలి నుంచి కాపాడవలసిన చొక్కాయే చలికి దారి ఇస్తుందన్నమాట.

ఉన్ని స్వభావం వేరు. అది తన బరువులో దాదాపు మూడవ వంతు తేమను పోగుల లోపల ఇముడ్చుకుని కూడా తడి అనిపించదు. పోగుల ముడత చెక్కుచెదరదు కనుక గాలి అరలు మిగిలే ఉంటాయి. పాలియెస్టరు అసలు నీటిని పోగులోకి పీల్చుకోదు. ఉపరితలం మీదుగా బయటి పొరకు చేరవేసి త్వరగా ఆరుతుంది.

మూడు పొరల నియమం

ఈ గుణాల ఆధారంగానే మూడు పొరల పద్ధతి ఏర్పడింది. చర్మాన్ని అంటి ఉండే పొర పాలియెస్టరు లేదా పలుచని ఉన్ని; దాని పని చెమటను బయటికి నెట్టడం. మధ్యపొర ఫ్లీసు లేదా ఉన్ని స్వెట్టరు. దాని పని గాలిని బంధించడం. పైపొర నీరూ గాలీ చొరని కోటు. దాని పని సంవహనాన్ని అడ్డగించడం. ఒకే ఒక దళసరి కోటు కన్న ఈ మూడూ మేలు. ఎందుకంటే కొండ ఎక్కుతున్నప్పుడు శరీరం విశ్రాంతిలో కన్న ఎన్నో రెట్లు వేడిని పుట్టిస్తుంది. అప్పుడు మధ్యపొర తీసివేయాలి. లేకపోతే చెమటతో లోపలి నుంచే తడిసిపోతాడు. నడక మొదలుపెట్టేటప్పుడు కాస్త చలిగా అనిపించడమే సరైన గుర్తు. ఆగినప్పుడు, చలి పుట్టక ముందే, తీసిన పొరను మళ్ళీ తొడుక్కోవాలి.

పడుకునేటప్పుడు వేసుకునే ఒక జత బట్టలను, ఒక జత ఉన్ని మేజోళ్ళను ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి వేరుగా ఉంచాలి. పగలంతా ఎంత తడిసినా వాటిని ముట్టుకోరాదు. శిబిరంలో ఆ పొట్లం ఒక బీమా పత్రం వంటిది. ఉన్ని టోపీ, చేతి తొడుగులు కూడా తప్పనిసరి.

నేల తాగే వేడి

మన వాళ్ళు ఎక్కువగా ఉపేక్షించే వస్తువు పడక కింద వేసే చాప. మంచి స్లీపింగ్ బ్యాగు కొన్నాము కదా, చాప ఎందుకు అంటారు. స్లీపింగ్ బ్యాగు వెచ్చదనం అందులోని దూది ఉబ్బులో ఉన్నది. పడుకున్నవాడి బరువుకు కింది భాగం అణగిపోయి, ఆ ఉబ్బు కాస్తా మాయమవుతుంది. కాబట్టి కింద ఉన్న చల్లని నేల నుంచి కాపాడే పని చాపదే.

చాప శక్తిని ఆర్ విలువ అనే సంఖ్యతో సూచిస్తారు. ఆర్ విలువ ఎంత ఎక్కువైతే అంత తక్కువ వేడి దాటుతుంది. పూర్వం ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క విధంగా కొలిచేవాడు. 2018లో ఏర్పడిన ప్రామాణిక పరీక్షా పద్ధతి వల్ల ఇప్పుడు రకాలను పోల్చి చూడడం సులువయింది. ఒక స్థూలమైన లెక్క చూడండి. నేలను ఆనుకున్న శరీర భాగం 4 చదరపు అడుగులు, శరీరం వైపు 90 డిగ్రీలు, నేల వైపు 50 డిగ్రీలు అనుకుందాం. నేల క్రమంగా వేడెక్కడాన్ని విడిచిపెడదాం. అణగిన స్లీపింగ్ బ్యాగు మాత్రమే ఉండి ఆర్ విలువ అర అయితే, గంటకు సుమారు 80 పెద్ద కేలరీల వేడి నేలలోకి పోతుంది. ఆర్ విలువ 2 ఉన్న మామూలు ఫోము చాప వేస్తే అది 20కి తగ్గుతుంది. 4 అయితే 10కి తగ్గుతుంది. పిల్లవాడి శరీరం గంటకు పుట్టించేది 70 మాత్రమే అని పైన చెప్పుకున్నాము. చాప లేనివాడు సంపాదనను మించి ఖర్చు చేస్తున్నాడు. రాత్రి రెండు గంటలకు వణుకుతూ లేచేది అందుకే. చాపమీద చాప వేస్తే ఆర్ విలువలు కూడుతాయి. కనుక ఖరీదైన చాప కొనలేకపోతే రెండు చౌక ఫోము చాపలు వేయవచ్చు.

స్లీపింగ్ బ్యాగు మీద ముద్రించే ఉష్ణోగ్రతను కూడా జాగ్రత్తగా చదవాలి. సుఖంగా నిద్రపట్టే ఉష్ణోగ్రత ఒకటి, ముడుచుకుని పడుకుని ఓర్చుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రత మరొకటి. కొనేటప్పుడు మొదటిదే చూడాలి. పక్షి ఈకలతో నింపినది తేలిక, కానీ తడిస్తే ఉబ్బు పోతుంది. కృత్రిమ దూదితో నింపినది కాస్త బరువైనా తడిలో మెరుగు. మొదటిసారి వెళ్ళే పిల్లలకు ఇదే మంచిది. ముఖాన్ని లోపలికి దూర్చుకుని పడుకోరాదు. ఊపిరిలోని ఆవిరి లోపలే నీరై, తెల్లవారేసరికి సంచి చెమర్చుతుంది. వెచ్చదనం కోసం గుడారంలో పొయ్యి వెలిగించడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు.

బరువు ఎంత? ఎక్కడ?

పాఠశాల సంచి బరువు పిల్లల బరువులో పది నుంచి ఇరవై శాతం మించరాదని అమెరికా శిశువైద్యుల సంఘం సలహా. శిబిరపు మూటకు కూడా ఇరవై శాతాన్ని హద్దుగా పెట్టుకోవడం క్షేమం. నూరు పౌన్ల పిల్లవాడికి ఇరవై పౌన్లు. ఆ ఇరవైని ఇలా పంచుకోవచ్చు: వీపుసంచి 3, స్లీపింగ్ బ్యాగు 3, చాప 1, ఇద్దరు ముగ్గురు కలిసి మోసే గుడారంలో తన వాటా రెండున్నర, బట్టలూ వర్షపు కోటూ 3, రెండు లీటర్ల నీరు నాలుగున్నర, తిండి 2, దీపం, దిక్సూచి, మందులు వగైరా 1 పౌను. మొత్తం ఇరవై. తల్లి ప్రేమగా చేర్చే అదనపు దుప్పటికీ, గాజు సీసాలోని ఆవకాయకూ ఈ బడ్జెట్టులో చోటు లేదు.

బరువు ఎంత అన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ అన్నది అంత ముఖ్యం. 45 కిలోల పిల్లవాడు 9 కిలోల మూట మోస్తున్నాడు. ఆ మూట గరిమనాభి అతని దేహమధ్యరేఖకు 30 సెంటీమీటర్లు వెనుక ఉన్నదనుకుందాం. అప్పుడు పిల్లవాడూ మూటా కలిసిన ఉమ్మడి గరిమనాభి, 9ని 30తో గుణించి 54తో భాగిస్తే, 5 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. వెల్లకిల పడకుండా ఉండడానికి అతను ముందుకు వంగక తప్పదు. బరువైన వస్తువులను వీపుకు ఆనించి సర్ది ఆ దూరాన్ని 18 సెంటీమీటర్లకు తగ్గిస్తే జరుగుబాటు 3 సెంటీమీటర్లే. బరువు మారలేదు, శ్రమ మారింది.

కనుక స్లీపింగ్ బ్యాగు అడుగున, నీరూ తిండీ వంటి బరువులు నడిమి భాగంలో వెన్నెముకకు దగ్గరగా, తేలికైన బట్టలు వాటి బయటి వైపున సర్దాలి. వర్షపు కోటు అన్నిటికన్న పైన ఉండాలి. వాన మొదలయ్యాక సంచి అడుగు నుంచి తీసేలోగా మిగిలినవన్నీ తడుస్తాయి. నడుముపట్టీ తుంటి ఎముకల మీద బిగించాలి. అప్పుడు బరువులో ఎక్కువ భాగం భుజాల నుంచి కాళ్ళకు దిగుతుంది. సంచి లోపల ఒక దళసరి ప్లాస్టిక్ సంచిని అస్తరుగా వేసి, సామానంతా అందులో సర్దితే కుండపోతకు కూడా జంకనక్కరలేదు.

తిండి, నీరు

కొండ ఎక్కే రోజున పిల్లవాడికి మూడు వేల కేలరీల దాకా అవసరం కావచ్చు. వండిన అన్నంలో మూడింట రెండు వంతులు నీరే. నూరు గ్రాములకు 130 కేలరీలే దక్కుతాయి. పొడిగా ఉండే అటుకులు అదే బరువుకు సుమారు 350, వేరుశెనగపప్పు సుమారు 570 ఇస్తాయి. నీరు అక్కడ దొరుకుతుంది. దానిని అన్నం రూపంలో కొండెక్కించడం దండుగ.

మన ఇంటి తిండిలో శిబిరానికి తగినవి ఎన్నో ఉన్నాయి. అటుకులను తయారీలోనే నానబెట్టి, వేడిచేసి, అణగగొడతారు కనుక అందులోని పిండిపదార్థం అప్పటికే ఉడికి ఉంటుంది. వేడినీరు పోస్తే కొద్ది నిమిషాలలో మెత్తబడతాయి, ఇంధనం ఆదా. రవ్వను తాలింపుతో సహా దోరగా వేయించి పొట్లం కడితే, మరిగే నీటిలో కలిపి ఉప్మా చేసుకోవచ్చు. కందిపొడి, కారప్పొడి తడి లేనివి కనుక చెడవు, బరువూ లేదు. వేరుశెనగ ఉండలు, నువ్వుండలు చలిలో శరీరానికి మంచి ఇంధనం. చింతపండు పులుపు వల్ల పులిహోర మామూలు అన్నం కన్న కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది, కాని బయలుదేరిన పూటకే దానిని పరిమితం చేయాలి. పెరుగన్నం వద్దు. శాకాహార నియమం ఉన్న పిల్లలు ఆ సంగతి అధికారులకు ముందుగానే చెప్పాలి. ఆకలితో పడుకున్నవాడికి చలి ఎక్కువ.

వాగు నీరు ఎంత తేటగా ఉన్నా నేరుగా తాగరాదు. జియార్డియా వంటి సూక్ష్మజీవులు కంటికి కనపడవు. నీటిని తెర్లకాచి ఒక నిమిషం మరగనిస్తే చాలు. 6,500 అడుగులు దాటిన చోట మూడు నిమిషాలు మరగనివ్వాలి. షెనెండోవాలో అత్యున్నత శిఖరమైన హాక్స్‌బిల్ ఎత్తు 4,050 అడుగులే కనుక అక్కడ ఒక నిమిషం సరిపోతుంది.

అడవి వాసులతో మర్యాద

ఆ కొండలు నల్ల ఎలుగుబంట్ల నివాసం. వాటి ఘ్రాణశక్తి అసామాన్యం. గుడారంలో తినుబండారమే కాదు, పళ్ళపొడి ముద్ద, సబ్బు కూడా ఉంచరాదు. వనం లోపలి అడవిలో బస చేసేవారు తిండిని నేలకు కనీసం 10 అడుగుల ఎత్తున, చెట్టు మానుకు 4 అడుగుల దూరంలో కొమ్మకు వేలాడదీయాలని, లేదా ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో ఉంచాలని అక్కడి నియమం. రెండు చొక్కాల మధ్య దాచిపెట్టిన లడ్డూ పిల్లవాడికి అపాయం, ఎలుగుబంటికి అంతకన్న అపాయం. మనుషుల తిండికి అలవాటు పడిన జంతువును చివరకు చంపవలసి రావచ్చు.

ఎలుగుబంటి కన్న ఎక్కువగా జాగ్రత్త పడవలసింది పిడుదుల విషయంలో. లేడి పిడుదు కాటు వల్ల లైమ్ వ్యాధి వస్తుంది. 1975లో కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ పరిసరాలలో పిల్లలకు వరుసగా కీళ్ళనొప్పులు రావడంతో ఇది వెలుగులోకి వచ్చింది. ప్యాంటు అంచులను మేజోళ్ళలో దోపుకోవడం, బట్టలకు పెర్మెత్రిన్, చర్మానికి డీట్ వంటి మందులు వాడడం, ప్రతి సాయంత్రం మోకాలి వెనుక, చంకలు, చెవుల వెనుక చూసుకోవడం మంచి రక్షణ. పెర్మెత్రిన్ చర్మానికి రాసుకునేది కాదు. ఈ పిడుదు సాధారణంగా 24 గంటలకు పైగా అంటి ఉంటేనే లైమ్ వ్యాధి సోకుతుంది. సన్నమొన పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిదానంగా తిన్నగా పైకి లాగివేయాలి. నిప్పు తగిలించడం, నూనె పోయడం చేయరాదు.

దిక్సూచి, దీపం, ఈల

ఎన్.సి.సి.లో పటం చదవడం నేర్చుకున్న తండ్రులు ఒక విషయం గమనించాలి. హైదరాబాదులో అయస్కాంతపు ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ దాపునే ఉంటుంది. దానిని పట్టించుకోకపోయినా నడిచిపోతుంది. ఉత్తర వర్జీనియాలో దిక్సూచి ముల్లు అసలు ఉత్తరానికి దాదాపు 10 డిగ్రీలు పడమరగా చూపుతుంది. ఆ తేడాను సవరించకుండా ఒక కిలోమీటరు నడిస్తే గమ్యానికి 175 మీటర్లు పక్కన తేలుతాడు. దట్టమైన అడవిలో అది శిబిరాన్ని దాటిపోవడానికి సరిపడే దూరం. పటం మీద కొలిచిన కోణానికి ఆ పది డిగ్రీలను కలిపి దిక్సూచిలో పెట్టుకోవాలి. ఈ తేడా ఏటేటా కొద్దిగా మారుతుంది కనుక పటం అంచున ముద్రించిన సంవత్సరం కూడా చూడాలి.

సెల్‌ఫోను ఉన్నది కదా అనవచ్చు. ఆ కొండల మడతలలో సంకేతం అందని చోట్లు ఎన్నో. చలికి బ్యాటరీ శక్తి కూడా తగ్గుతుంది. రాత్రిపూట ఫోనునూ, దీపపు బ్యాటరీలనూ స్లీపింగ్ బ్యాగులో దగ్గర పెట్టుకోవాలి. తలకు తగిలించుకునే దీపమైతే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కొన్ని గ్రాముల బరువుండే ప్లాస్టిక్ ఈలకు బ్యాటరీ అక్కరలేదు. గొంతు బొంగురుపోయాక కూడా అది మోగుతుంది. దారి తప్పినట్టు తోచగానే ఉన్నచోటనే నిలిచి, వరుసగా మూడేసి సార్లు ఊదాలి. మూడు అన్నది ఆపదకు గుర్తు. తిరుగుతూ పోయేవాడి కన్న ఒక చెట్టు దగ్గర కూర్చున్నవాడిని వెదకడం ఎంతో సులభం. గాలింపు దళంలో చేరబోయే కేడెట్‌కు ఈ సూత్రం రెండు వైపుల నుంచీ పనికివస్తుంది.

మూట ఎవరు కట్టాలి?

పిల్లవాడే కట్టాలి. ఇది క్రమశిక్షణ కోసం చెప్పే మాట కాదు. చీకటిలో, వానలో, చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా పొడి మేజోళ్ళు ఎక్కడున్నాయో చేతికి తెలియాలంటే ఆ చేతులే వాటిని సర్ది ఉండాలి. తల్లిదండ్రుల పాత్ర పరీక్షకుడిది. “వాన వస్తే మొదట ఏది తీస్తావు? రాత్రి వేసుకునే బట్టలు ఏ సంచిలో ఉన్నాయి? నీ జంట కేడెట్ మాట తడబడితే ఏమి చేస్తావు?” అని అడగాలి. జవాబు వెంటనే రాకపోతే మూట విప్పి మళ్ళీ కట్టమనాలి. ఉబ్బసం వంటి వ్యాధికి వాడే మందులు, తిండి పదార్థాల అలర్జీల వివరాలు మాత్రం పెద్దలే రాసి అధికారులకు స్వయంగా అందజేయాలి.

బయలుదేరడానికి ఒక వారం ముందు ఇంటి వెనుక పెరటిలో ఒక రాత్రి పడుకోబెట్టడం ఉత్తమమైన ప్రయోగం. చాప చాలదని తెలిస్తే పది అడుగుల దూరంలో ఇల్లు ఉన్నది. ప్రయాణం రోజున స్నానాలగది తూకం మీద పిల్లవాడిని ముందు ఒంటరిగా, తరువాత మూటతో నిలబెట్టి తేడా చూడండి. ఇరవై శాతం మించితే ఏమి తీసివేయాలో అతనినే నిర్ణయించుకోనివ్వండి. చాప, వర్షపు కోటు, పొడి బట్టల పొట్లం తీసివేస్తానంటే మాత్రం ఒప్పుకోవద్దు.

ఆదివారం తిరిగి వచ్చాక పని ఇంకొకటి ఉన్నది. గుడారాన్నీ స్లీపింగ్ బ్యాగునూ పూర్తిగా ఆరబెట్టాలి. తడితో మడిస్తే బూజు పడుతుంది. తరువాత సామాను నేలమీద పరచి, వాడినవి ఒక కుప్ప, వాడనివి ఒక కుప్ప పెట్టించండి. లేక ఇబ్బంది పడినవాటిని కాగితం మీద రాయించండి. వాడని కుప్పలో వర్షపు కోటు, ప్రథమ చికిత్స పెట్టె, ఈల ఉంటే వాటిని తిరిగి సంచిలో ఉంచాలి. మిగిలినవి రెండవ ప్రయాణంలో ఇంట్లోనే ఉండవచ్చు. అట్లా మూడు నాలుగు శిబిరాలు అయ్యేసరికి ఆ పిల్లవాడి పట్టిక సంస్థ ఇచ్చినది కాక, తన సొంత అనుభవంతో రాసుకున్నది అవుతుంది.